నలభై ఒకటో నిబంధన

అపిసాయికి ఉన్న తిక్క ఒక్కటే. చేతికి ఎవరు ఏది అందించినా "ఇది అమ్మకమా, ఇవ్వడమా?" అని అడిగి, జవాబు విన్నాకే పుచ్చుకునేవాడు. నాలుక పిడచకట్టుకుపోతున్నా సరే, కొబ్బరిబోండం అందించినవాడి ముఖంలోకి చూసి ఆ ప్రశ్న వేయందే మూతి పెట్టేవాడు కాదు.

ఆయన ప్రభుత్వంవారి తూనికల ఇన్‌స్పెక్టరు. లొమాయివితి దీవుల్లోని కొట్లన్నీ ఆయన అజమాయిషీలోవే. తాటిచెట్టంత మనిషి, పిల్లినడక. మీ కొట్లో మీరు పంచదార పొట్లం కడుతూ తలెత్తితే ఎదురుగా ఉండేవాడు. ఎప్పుడొచ్చాడో, ఎటునుంచి వచ్చాడో కుక్కకు కూడా తెలిసేది కాదు. పెళ్లిపీటల మీద కూడా ఆయన తిక్క ఆయనను వదలలేదంటారు. ఈమెను భార్యగా స్వీకరిస్తావా అని పాదిరి అడిగితే, ఈమె తన ఇష్టంతోనే ఒప్పుకుంటోందో ఎవరైనా బెదిరించారో ముందు తేల్చండి, బెదిరించి చేయించిన ఒప్పందం చెల్లదు అన్నాడట. "ఎవరూ బెదిరించలేదు గానీ, నాకిప్పుడు భయమేస్తోంది" అందట పెళ్లికూతురు.

ఈ కథలు చెప్పుకుని నవ్వేవాళ్లందరూ ఆయన పెట్టెను చూస్తే మాత్రం నవ్వు మానేసేవారు. అది నల్లచేవ పెట్టె, పసిబిడ్డ శవపేటికంత ఉంటుంది. పడవ దిగేటప్పుడు దాన్ని రెండు చేతుల మీదా పెట్టుకుని దిగేవాడు. కొట్లోకి వెళ్లి, తెల్లటి చేతిమేజోళ్లు తొడుక్కుని, మూత తీసి, మఖమలు గుడ్డ మీంచి ఇత్తడి గుండ్లను ఒక్కొక్కటే ఎత్తేవాడు. చెయ్యి తగిలితే చెమటంటి గుండు బరువు మారుతుందని చెప్పేవాడు. ఆ మాట ఎవరూ నమ్మలేదు. పెట్టెలో పూర్వీకుల ఆత్మ ఒకటి కూర్చుని ఉందని, అబద్ధపు తూకం చూస్తే అది మూలుగుతుందని ఊరూరా చెప్పుకునేవారు.

పడవ నడిపే తొమాసి చెప్పేది ఇంకా ఘోరం. ఒకసారి దిబ్బల మధ్య పడవ తిరగబడి అపిసాయి పెట్టెతో సహా మునిగిపోయాడట. అందరూ ఏడ్చేసి ఊరుకున్నారట. మూడోనాటి పొద్దున నీళ్లు వెనక్కి తీశాక, పగడపు దిబ్బ మీద నడుచుకుంటూ వచ్చాడట, నెత్తిన పెట్టె, చేతులకు మేజోళ్లు, ఒంటి మీద తడి లేదు. ఎదురైన జాలరి జాలిపడి ఉడకబెట్టిన కర్రపెండలం ముక్క చేతిలో పెట్టబోతే "ఇది అమ్మకమా, ఇవ్వడమా?" అన్నాడట. "మూడు రోజులు తిండిలేనివాడు అలా అడుగుతాడా? బతికున్నవాడైతే అడుగుతాడా?" అని తొమాసి నిలదీసేవాడు. 

లితియాకు ఈ కథలన్నీ తెలుసు. మొగుడు సముద్రం మీద పోయాక, తను అల్లి దాచుకున్న చాపలన్నీ అమ్మేసి నమరా ఊళ్లో కొట్టు పెట్టింది ఆవిడ. ఊరికి అది నాలుగో కొట్టు. మొదటి మూడూ చర్చి వెనకాల తలుపులు ఊడి, అరలు ఖాళీగా నిలబడి ఉన్నాయి. మిట్టమధ్యాహ్నం గాలి ఆగిపోయినప్పుడు అటు వెళ్తే, ఆ ఖాళీ అరల మీద ఎవరో డబ్బాలు సర్దుతున్న చప్పుడు వస్తుంది. ఎలుకలని లితియాకు తెలుసు. తెలిసినా అక్కడ అడుగు జోరుగానే వేసేది.

ఆ మూడు కొట్లనూ ఏ దయ్యమూ తినలేదు. కెరెకెరె తినేసింది. చుట్టం నోరు తెరిచి "కెరెకెరె" అన్నాడంటే లేదనకూడదు. అది తాతలనాటి మర్యాద. కాదన్నవాళ్ల గడప ఇక ఎవరూ తొక్కరు, వాళ్ల శవం మోయడానికి కూడా రారు. ఊళ్లో అందరూ చుట్టాలే కాబట్టి, కొట్టు పెట్టినవాళ్లు పెట్టిన ఏడాదికే బుద్ధిగా దివాలా తీసేవారు. తను కూడా ఆ దారిన పోతే మళ్లీ పట్నం వెళ్లి ఎవరింట్లోనో గిన్నెలు తోముకోవాలని లితియా దిగులు.

అందరిలోకీ పెద్ద గండం విలికేసా. మొగుడికి పినతండ్రి కొడుకు, మాట తేనె, చెయ్యి చేట. రోజూ వచ్చి వదిన బాగోగులు అడిగి, ఆ బాగోగుల్లోంచి ఓ చేపల డబ్బా, ఓ సబ్బు పట్టుకుపోయేవాడు. ఐదు నెలలు తిరిగేసరికి పై అర పూర్తిగా ఖాళీ అయింది. లితియా కొట్లో ఒక్కతే ఉన్నప్పుడు, ఆ అర మీద కూడా ఏదో సర్దుతున్న చప్పుడు మొదలైంది.

అలాంటి ఒక మధ్యాహ్నం తలెత్తి చూస్తే అపిసాయి ఎదురుగా ఉన్నాడు. బయట ఆకు కదలడం లేదు. సముద్రం ఎంత వెనక్కి పోయిందో దాని హోరు కూడా వినబడడం లేదు. లితియా బోండం కొట్టి ఇస్తూ, ఆయన నోరు తెరవకముందే "ఇవ్వడమేనయ్యా" అంది. ఆయన తాగాడు, మేజోళ్లు తొడుక్కున్నాడు, గుండ్లు పెట్టి కాటా పరీక్షించాడు. కాటా సరిగ్గానే ఉందన్నాడు. తర్వాత ఖాళీ అర వైపు చాలాసేపు చూశాడు.

సరిగ్గా అప్పుడే విలికేసా గుమ్మంలోకి వచ్చాడు. ఆయన్ని చూసి కాస్త తగ్గినా, అలవాటైన నోరు ఆగలేదు. "వదినా, కెరెకెరె, రెండు చేపల డబ్బాలు" అన్నాడు.

"ఇది అమ్మకమా, ఇవ్వడమా?" అన్నాడు అపిసాయి.

"మా ఆచారమండి."

"ప్రతిఫలం లేకపోతే అమ్మకం కాదు. మనసులో ఇష్టం లేకపోతే ఇవ్వడమూ కాదు. రెండూ కాకపోతే ఇంకేమవుతుంది నాయనా?"

విలికేసా చాచిన చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. అపిసాయి సంచిలోంచి కాగితం తీసి, పెద్ద పెద్ద అక్షరాలతో నాలుగు ముక్కలు రాసి, గుమ్మం బయట ఇసకలో నిలబడి తలుపుకు అంటించాడు. కింద ఎర్రటి లక్క కరిగించి ముద్ర కొట్టాడు. అప్పుడు గొంతు పెంచకుండా చదివాడు: "నలభై ఒకటో నిబంధన. ఈ కాటా ఉన్న కొట్లో ఏ సరుకూ ఊరికే ఇవ్వరాదు. కాటా చూస్తూ ఉంటుంది."

చదవడం పూర్తయీ కాకముందే, పళ్లెంలో ఏమీ లేని కాటా ముల్లు నెమ్మదిగా కదిలింది. కదిలి, ఒక అంకె దగ్గర వణికి, మళ్లీ సున్నాకి వచ్చింది. గుమ్మంలో విలికేసా చూశాడు. బల్ల వెనక లితియా చూసింది. అతను వదినకు సెలవు కూడా చెప్పకుండా వెళ్లిపోయాడు. సాయంత్రానికి ఊరంతా తెలిసిపోయింది, పొద్దుపోయేసరికి ఆ ముల్లు మూలిగిందని కూడా తెలిసింది.

ఆ తర్వాత లితియా ఎవరికీ లేదని చెప్పలేదు. అడిగినవాళ్లతో ప్రేమగా "నాకేం, తీసుకెళ్లండి. కాకపోతే అది చూస్తోంది" అనేది. వాళ్లు కాటా వంక ఒకసారి చూసి, జేబులో చెయ్యి పెట్టేవారు. మర్యాద మర్యాదగానే ఉంది, కొట్టు కొట్టుగానే ఉంది. శవం మోయడానికి రామని ఎవరూ అనలేదు. పై అర నిండింది, చప్పుడు పోయింది. ఏడాదికోసారి అపిసాయి వచ్చి, అడగవలసిన ప్రశ్న అడిగి, బోండం తాగి వెళ్లేవాడు.

పదకొండేళ్లు గడిచాక ఆయన పదవీ విరమణ చేసి సొంత ఊరు కోరో దీవికి వెళ్లిపోయాడు. ఆయన స్థానంలో సలసేయిని అనే పడుచుపిల్ల వచ్చింది. పెట్టె అదే, మేజోళ్లు కొత్తవి. కాటా చూసింది, తలుపు మీది కాగితం చూసింది, ముక్కు ఆనేంత దగ్గరగా వెళ్లి ముద్రను చూసింది.

"అమ్మా, తూనికల చట్టంలో ఉన్నవి నలభై నిబంధనలే" అంది.

లితియా బియ్యం బస్తా మీద కూలబడింది. ఖాళీ అర ఒక్కసారి కళ్లముందు మెదిలింది. సలసేయిని మాత్రం తాపీగా చెప్పుకుపోయింది. ఈ కాగితం ఉన్న కొట్లలో ఇది పదిహేడోదట. అన్నీ ఒకటే చేతిరాత. అన్నీ ఇలా చుట్టాల మధ్య నలిగిపోతున్న వాళ్ల కొట్లే. ఆఫీసులో ముసలి గుమాస్తా ఆ పిల్లకు సంగతి చెప్పాడట. అపిసాయి తల్లి కూడా ఒకప్పుడు కొట్టు పెట్టింది. ఎవరినీ కాదనలేకపోయింది. చివరికి ఖాళీ అరల ముందు కూర్చుని, అలవాటుగా వచ్చేవాళ్లకు మంచినీళ్లు మాత్రం ఇచ్చేదట.

"అయితే దీన్ని చింపేస్తారా?" అని అడిగింది లితియా. 

"ప్రభుత్వ ముద్ర దొంగతనంగా వేస్తే నేరమే. ఇది తాబేలు బొమ్మ. ఏదో సబ్బు మీది అచ్చు. ప్రభుత్వం అన్న మాట ఇందులో ఎక్కడా లేదు, చూడండి. కొట్టు మీ సొంతం. మీ కొట్లో మీ షరతు మీరు పెట్టుకోవచ్చు, దానికి చట్టం ఒప్పుకుంటుంది. ఆ పెద్దాయన ఒక్క అక్షరం కూడా తప్పు రాయలేదు."

పదకొండేళ్లలో ఆ తాబేలును చూసేంత దగ్గరికి వెళ్లే ధైర్యం ఊళ్లో ఒక్కడికీ లేకపోయింది. లితియాకు ముందు నవ్వొచ్చింది, వెంటనే ఆ మనిషి మీద పట్టరాని ప్రేమ వచ్చింది. సలసేయిని బల్ల చుట్టూ తిరుగుతూ దాని పక్కన నేలలో వదులైన ఒక చెక్క మీద కాలు వేసింది. కాటా ముల్లు కదిలి, వణికి, సున్నాకి వచ్చింది. "ఇదన్నమాట మీ దయ్యం" అని ఆ పిల్ల నవ్వింది. లితియా కూడా నవ్వింది. నవ్వుతూ నవ్వుతూ ఆగింది. ఆ రోజు అపిసాయి బయట ఇసకలో ఉన్నాడు. విలికేసా గుమ్మంలో ఉన్నాడు. తను బల్ల వెనక ఉంది. ఆ చెక్క మీద ఎవరూ లేరు. 

మర్నాటి పడవలో లితియా కోరో దీవికి నాలుగు చేపల డబ్బాలు, ఒక సబ్బు పంపింది. తర్వాతి పడవలో ఉత్తరం వచ్చింది. అందులో ఒకటే వాక్యం: "ఇది అమ్మకమా, ఇవ్వడమా?"

లితియా జవాబు రాసింది: "నలభై ఒకటో నిబంధన ప్రకారం నా కొట్లో ఊరికే ఇవ్వడం కుదరదయ్యా. అందుకని ఇది అమ్మకమే. ప్రతిఫలం పదకొండేళ్ల కిందటే ముట్టింది. మిగతా పదహారు కొట్ల సంగతి నాకు తెలియదు."

ఆయన ఉత్తరం రాయలేదు. ఒక పొట్లం పంపాడు. విప్పితే లోపల తెల్లటి చేతిమేజోళ్ల జత, ఉతికి మడతపెట్టినవి. పైన చీటీ మీద ఒకే ఒక్క మాట ఉంది: "ఇవ్వడం."

లితియా వాటిని కాటా పైన మేకుకు తగిలించింది. గాలి లేనప్పుడు కూడా అవి కొద్దిగా ఊగుతూ ఉంటాయి. విలికేసా ఇప్పుడు ఏమీ అడగకముందే బల్ల మీద డబ్బు పెట్టి, ఆ తర్వాత వదిన బాగోగులు అడుగుతున్నాడు.