సినిమా చూసిన కళ్ళతో

మొన్న పన్ను నొప్పి భరించలేక డాక్టరు దగ్గరికి వెళ్ళి, నా వంతు కోసం కూర్చుని ఉండగా, గోడ మీది టీవీలో మన కాలపు సినిమా ఒకటి నడుస్తోంది. మెడలో శిలువ, మోకాళ్ళు దాటని గౌను, చేతిలో గ్లాసు, వచ్చీరాని తెలుగు, ఇవన్నీ ఉన్న ఒక అమ్మాయి తూలుతూ వచ్చి హీరో మీద పడింది. నా పక్కనున్న ఇద్దరు ఆడపిల్లలు పకపకా నవ్వారు. వాళ్ళ నవ్వులో చెడు ఏమీ లేదు. అయినా నాకు భయమేసి, నా పేరు పిలవకముందే లేచి బయటికి వచ్చేశాను. అరవై ఎనిమిదేళ్ళ రిటైర్డు టీచరమ్మకు ఇంత భయం ఎందుకో ఈ కాలం పిల్లలకు చెప్పలేను గాని, నా ఈడు వాళ్ళకైతే చెప్పుకోగలను.

మాది బళ్ళారిలో మూడు తరాలుగా ఉంటున్న మిషను చర్చి కుటుంబం. నాయన రైల్వే గూడ్సు ఆఫీసులో గుమాస్తా. అమ్మ బొట్టు పెట్టేది కాదు, మా ఇంట్లో సినిమా అన్న మాటే వినపడేది కాదు. నాకంటే పదేళ్ళు పెద్దదైన మా అక్క సండూరులో గని కూలీల కోసం పెట్టిన చిన్న ఆసుపత్రిలో నర్సు. వారమంతా అక్కడే ఉండి, శనివారం సాయంత్రం బస్సులో, ఒక్కోసారి సంచీ నిండా సీతాఫలాలతో, ఇంటికి వచ్చేది. పన్నెండేళ్ళ నాకు అక్క అంటే అంతా ఇంతా గొప్ప కాదు.

ఒక రోజు పక్కింటి అత్త తనకు తోడు కావాలని, ఇంట్లో చెప్పకుండా నన్ను మ్యాట్నీకి తీసుకుపోయింది. ఆ చీకట్లో మొట్టమొదటిసారి తెర మీద మా వాళ్ళ పిల్లను చూశాను. మా చర్చిలో ఎవరూ వేసుకోని బట్టలు వేసుకుని, ఎవరూ తాగనిది తాగి, ఊగుతూ ఆడుతోంది. హాలంతా ఈలలు. చివర్లో ఆమె గుండు దెబ్బ తిని, హీరో చేతుల్లో క్షమాపణ అడిగి చచ్చిపోయింది. పసుపు కుంకుమలతో ఉన్న అమ్మాయికి హీరోతో పెళ్ళయింది. బయటికి వస్తూ అత్త, పాపం, మామూలుగానే అడిగింది: “మీ అక్క గూడ ఆస్పత్రిలో ఇట్లాంటి గౌనే ఏసుకుంటాదా పాపా?” అప్పట్లో నర్సుల యూనిఫారం తెల్ల గౌనే. నేను అవునన్నాను. అన్న క్షణం నుంచి నాలో ఏదో మొదలైంది.

ఆ తర్వాత ప్రతి శనివారమూ నాకు పరీక్షే. బస్సు వేళ దాటితే ఇంట్లోకీ వీధిలోకీ తిరిగేదాన్ని. అక్క స్నానానికి వెళ్ళగానే ఆమె సంచీ తెరిచి వాసన చూసేదాన్ని. డెట్టాలు వాసన తప్ప ఏమీ ఉండేది కాదు, అయినా వచ్చే వారం మళ్ళీ చూసేదాన్ని.

అలాంటి ఒక శనివారం దీపాలు పెట్టే వేళకు, నేను వీధి చివర అంగడిలో చక్కెర కొంటుంటే, ఖనిజం మోసే లారీ ఒకటి వచ్చి ఆగింది. డ్రైవరు పక్క నుంచి అక్క దిగింది. తెల్లటి గౌనంతా ఎర్ర దుమ్ము, జుట్టు చెదిరిపోయి ఉంది. నన్ను చూసి ఉలిక్కిపడి, “నాయనకు చెప్పద్దు, నేనే నిదానంగా చెప్తా” అంది. నేను ఇంటికి పరుగెత్తి నాయనకు చెప్పేశాను. చెప్పింది అంతే అయితే ఇన్నేళ్ళు ఇంత బాధ ఉండేది కాదు. అక్క, ఆ డ్రైవరూ నవ్వుకుంటూ దిగారని కూడా చెప్పాను. అక్క నవ్వలేదు. ఆ నవ్వు నేను సినిమాలో చూసింది.

నాయన కోప్పడలేదు. అక్క నిలబడే అంతా చెప్పింది. డ్రైవరు భార్యకు కాన్పు అడ్డం తిరిగితే, ఇంకో బండి దొరక్క ఆ లారీలోనే సండూరు నుంచి బళ్ళారి పెద్దాసుపత్రికి తెచ్చారట. దారంతా అక్క ఆమెను పట్టుకుని కూర్చుందట. ఆమెను అక్కడ చేర్పించాక డ్రైవరు అక్కను ఇంటి దగ్గర దించి పోయాడట. నాయన తల వంచుకుని, “నేను నమ్ముతానమ్మా. ఊరు నమ్మల్ల గదా” అన్నాడు. సోమవారం అక్కను బస్సెక్కనివ్వలేదు. నేనైతే అసలు నమ్మనే లేదు. సినిమాలో ఆ పిల్ల కూడా అబద్ధాలే చెప్పింది మరి.

నెల దాటాక ఆ డ్రైవరు, భార్యతో, చంటిబిడ్డతో మా గడపలోకి వచ్చాడు. తలుపు తీసింది నేనే. “సిస్టరమ్మ యాడుంది పాపా? బిడ్డను చూపిచ్చి పోదామని వచ్చినాము. ఆయమ్మ ల్యాకుంటే వీళ్ళిద్దరూ నాకు దక్కేటోళ్ళు కాదు” అన్నాడు. నాయన వాళ్ళను కూర్చోబెట్టి, లోపలి నుంచి అక్కను పిలిచి, బిడ్డ తల మీద చెయ్యి పెట్టి ప్రార్థన చేశాడు. కాని సండూరు ఉద్యోగంలోకి అప్పటికే ఇంకొకరు వచ్చేశారు. ఆరు నెలలు ఇంట్లో ఉండి, అక్క ఎక్కడో దూరాన మిషను ఆసుపత్రిలో చేరింది. ఇక క్రిస్మస్‌కు తప్ప రాలేదు, అక్కడే స్థిరపడిపోయింది.

డాక్టరు దగ్గర నుంచి వచ్చిన సాయంత్రమే అక్కకు ఫోను చేసి, దాచుకున్నదంతా చెప్పేశాను. “ఇన్నేండ్లూ దీనికే కుములుతాండావా?” అంది. “ఆ సినిమా నేనూ చూసినా, సండూరు టెంటు సినిమాహాల్లో. అది చూసినంక ఆ లారీ ఎక్కాలంటే నాకూ భయమైంది. ఆయమ్మ అరుస్తాంటే ఎక్కినా.”

ఇప్పుడు సినిమాల్లో ఆ గౌను పిల్ల కనపడదు. హీరోయిన్లే గౌన్లు వేసుకుంటున్నారు, మా చర్చి ఆడపిల్లలను చూసి ఎవరూ ఈల వేయరు. అందుకు సంతోషమే. కాని మా మేడ మీది గదిలో ఈశాన్య రాష్ట్రాల నుంచి వచ్చిన ఇద్దరు అమ్మాయిలు అద్దెకు ఉన్నారు, బ్యూటీ పార్లరులో పని. సినిమాల్లో విన్న పేరేదో పెట్టి వీధి పిల్లలు వాళ్ళను పిలుస్తుంటే చాలాసార్లు కసిరాను. నిన్న సాయంత్రం వాళ్ళలో ఒకమ్మాయిని ఎవరో అబ్బాయి మోటారుసైకిలు మీద దించి పోయాడు. కిటికీ పరదా తొలగించి చూస్తున్నది నేనే. ఎవరతను అన్న ప్రశ్న నోటిదాకా వచ్చింది. తలుపు తీసి, వచ్చిన కాస్త హిందీలో, తిన్నావా అని మాత్రం అడిగాను. ఆ అమ్మాయి తల ఊపి మెట్లెక్కిపోయింది. నా కళ్ళలో ఇంకేమైనా కనపడిందేమో, నాకు తెలియదు.