ఒకటిన్నర బెల్టు

ఒక ఫ్యాన్ బెల్టు, రేడియేటర్‌లో నీళ్లన్నీ, సగం పగలు. బాన్సువాడలో మేం పోగొట్టుకున్నవి ఇవి. ఇల్లులా మార్చుకున్న మా పాత వ్యానుకు సరిపడే బెల్టు ఏ దుకాణంలోనూ లేదు. తెల్లవారితే నాందేడ్‌లో అమ్మకు కంటి ఆపరేషన్.

నాట్ల రోజులైనా, దుకాణం దగ్గరున్న ఒక రైతు తన పాత ట్రాక్టర్ బెల్టు విప్పి ఇచ్చాడు; అది మా వ్యానుకు సరిపోయింది.

"పైసలొద్దన్నా. వడ్లు నాగుకిచ్చినట్టే ఇస్తున్న. ఒకటి తీస్కపో, ఒకటిన్నర తెచ్చియ్యి."

నాగు అంటే విత్తనం అప్పు; అక్కడ ఒకటికి ఒకటిన్నర చొప్పున తీరుస్తారట.

"సగం బెల్టు ఎలా ఇవ్వను?"

"గా ఫికర్ నీది."

ఆపరేషన్ అయ్యాక, తిరిగి వస్తూ నాందేడ్‌లో కొన్న రెండు కొత్త బెల్టులిచ్చాను. ఆయన నవ్వాడు.

"ఇగ నేనే నీకు బాకీ పడ్డ. మల్ల రా, అమ్మను గూడ తోల్కరా."

తర్వాత ఎప్పుడు వెళ్లినా అన్నం పెట్టే పంపాడు. నాకు రావలసిన సగం బెల్టు మాత్రం ఇప్పటికీ బాకీయే.