గయ్యాళి సిస్టరు, నోరు నొక్కిన మానిటరు

వార్డంతా ‘గయ్యాళి సిస్టరు’ అని పిలిచే ఆ నర్సును నేను మొదటిసారి చూసినప్పుడు, ఆమె మా అక్క మంచం పక్కన మోకాళ్ళ మీద కూర్చుని, పక్క కడ్డీ కింద నలిగిన బి.పి. పట్టీ గొట్టాన్ని బయటకు లాగుతున్నది.

“గొట్టాన్ని ఇలా నలిపేసి, మిషను గోల పెడుతోందని తిడతారు,” అని గొణిగి, నాకేసి చూసింది. “మీరెవరండీ?”

“చెల్లెల్ని. రిటైరైన టీచర్ని.”

“అయితే తప్పులు పట్టడం వచ్చన్నమాట. కూర్చోండి, ఇక్కడ బోలెడున్నాయి.”

పక్షవాతంతో మింగలేని మా అక్కకు ముక్కుగుండా పొట్టలోకి వేసిన గొట్టంలోంచి ఆహారం ఎక్కించేవారు. ఆ వేళకు వార్డులో నాడి, ఊపిరి చూసే మానిటర్లన్నీ ఒకదాని వెంట ఒకటి మోగేవి. అప్పుడు అక్కడి సిబ్బంది చేసే పని ఒక్కటే. రోగి ముఖమైనా చూడకుండా, ఒక్కొక్క పెట్టెకూ శబ్దం ఆపే మీట నొక్కి, టీ తాగడానికి వెళ్ళిపోయేవారు. అక్క మానిటరుకు శబ్దం వచ్చే చిల్లుల మీద ఎవరో ప్లాస్టరు కూడా అంటించారు. అంచులకు మురికి పట్టి, ఎండిన ఆహారపు మరకలతో అది పుండు మీది పక్కులా ఉండేది. తప్పు చేయడం ఒక ఎత్తు; ఆ తప్పుకు ‘ప్రశాంతత’ అని పేరు పెట్టుకోవడం మరొక ఎత్తు. మా బావగారు సైతం, “ఇప్పుడు హాయిగా ఉందమ్మా, మీ అక్క నిద్రపోతుంది,” అన్నారు. ఆ హాయి నాకు రోత పుట్టించింది.

సిస్టరు ఆ ప్లాస్టరును పీకి పారేసింది. బి.పి. పట్టీ, వేలి క్లిప్పు ఒకే చేతికి ఉన్నాయని నాకు చూపించింది. పట్టీ బిగిసినప్పుడల్లా వేలికి రక్తం అందక, ప్రాణవాయువు పడిపోయినట్టు పెట్టె అబద్ధం చెబుతుందట. క్లిప్పును రెండో చేతికి మార్చింది. చెమటకు ఊడివస్తున్న మానిటరు తీగల స్టిక్కర్లను తీసి, ఛాతీని తుడిచి, కొత్తవి అంటించింది. అక్క నాడి సహజంగానే నెమ్మది. పెట్టె మోగే హద్దులను ఆమెకు తగ్గట్టు మార్చమని డాక్టరును వెంటపడి ఒప్పించింది. ఆహారం ఎక్కించే ముందు తలవైపు మంచం ఎత్తించింది. ఆ తరువాత ఆ పెట్టె ఎప్పుడో గాని మోగేది కాదు.

వార్డు సూపర్‌వైజరుకు మాత్రం ఇదంతా కంటగింపు. “ఒక్క మంచానికి ఇంత సేపా? మీట నొక్కితే పోయేదానికి!”

“గొంతు నొక్కితే గోల తగ్గదు సార్. మనకు వినపడదు, అంతే.”

ఒక మధ్యాహ్నం ఆమె వార్డు రెండో చివరన ఉండగా, వేరొకరు వచ్చి అక్కకు ఆహారం పెట్టి, అలవాటు కొద్దీ మానిటరు శబ్దం ఆపి వెళ్ళారట. అక్క దగ్గసాగింది. మానిటరు మీద ఎర్ర దీపం వెలిగి ఆరుతున్నది, చప్పుడు లేదు. బావగారు పేపరు చదువుకుంటున్నారు. నేను మందులు తీసుకుని గుమ్మంలోకి వచ్చేసరికి సిస్టరు అటునుంచి అరుస్తూ పరుగెత్తుకొస్తున్నది.

“అంత దగ్గు వినపడుతుంటే పెట్టె ఎందుకు మోగట్లేదు?”

అక్క పెదవులు నీలిరంగుకు తిరిగాయి. సిస్టరు ఆహారం ఆపి, ఆమెను పక్కకు తిప్పి, నోట్లోనిదంతా పీల్చే యంత్రంతో లాగేసింది. గొట్టం సగం పైకి జారి, ఆహారం గొంతులోకే వస్తోందట. పుల్లని వాసన వేసే ఆ ద్రవంతో దుప్పటి, సిస్టరు చేతులు, నా చీర తడిసిపోయాయి. నాకు అసహ్యం కలిగింది వాటి మీద కాదు. అక్క ఊపిరి కుదుటపడ్డాక వచ్చిన సూపర్‌వైజరు మొదట అడిగినది, “ఎవరూ కంప్లయింటు ఇవ్వరు కదా?” అని.

నేనే ఇచ్చాను. బావగారు సంతకం చేస్తూ తల ఎత్తలేదు. వారం తిరగకుండా బదిలీ అయినది మాత్రం సిస్టరే. ‘సిబ్బందితో సర్దుకుపోదు’ అని కారణం చెప్పారు. అలా చెప్పిన నోటిని సబ్బుతో కడగాలనిపించింది.

వెళ్ళేముందు ఆమె మా దగ్గరికి వచ్చి, అక్క నుదురు నిమిరింది. పక్క మంచం మీద మాట పడిపోయిన ఒక వృద్ధుడున్నాడు, ఆయనకూ గొట్టమే.

“టీచరుగారూ, ఆయన కోసం ఎవరూ రారు. మీ అక్కయ్యగారికి పెట్టే వేళకే ఆయనకూ పెడతారు. మీ కుర్చీ కాస్త ఇటు జరిపి, ఇద్దరి ముఖాలూ కనపడేలా కూర్చుంటారా?”