వెనక గేటు నుంచి చూసిన యూనివర్సిటీ

నేను ఏ కాలేజీలోనూ చదవలేదు. అయినా యూనివర్సిటీలను చూడటంలో నా అనుభవం తక్కువేమీ కాదు. నేతపని కోసం సూరత్ రాకముందు వరంగల్‌లో ఒకటి, హైదరాబాదులో ఒకటి, వచ్చాక వడోదరలో ఒకటి తిరిగి చూశాను. సెలవు దొరికితే మావాళ్లు సినిమాకు పోయేవాళ్లు, నేను వీటికి పోయేవాణ్ణి. హైదరాబాదులో రాతి కమానుల కింద నడివేసవిలో కూడా చల్లగా ఉండేది. వడోదరలో గుమ్మటం చూసి చూసి మెడ పట్టేసింది. వరంగల్‌లో ఏముంది, బండలూ తుమ్మచెట్లూ. కానీ అక్కడ ఒక చెట్టు కింద మధ్యాహ్నమంతా పేపరు చదువుకున్నాను, ఒక్కడూ వచ్చి లేపలేదు. అందుకే ఇప్పటికీ వరంగల్‌దే అందమైనదంటాను. పని లేనివాడు వచ్చి కూర్చుంటే లేపకూడదు. మిగతాదంతా సున్నం, రంగు.

ఈ మాట నా మనవరాలికి నచ్చదు. ఈ ఏడు పన్నెండో తరగతి అయింది. లెక్కల కోర్సులో రెండుచోట్ల సీటు వచ్చింది. ఒకటి ఊళ్లో ఉన్న పాత సర్కారు కాలేజీ. రెండోది సూరత్ బయట, కిమ్ అనే ఊరు దాటాక కొత్తగా కట్టిన ప్రైవేటు యూనివర్సిటీ. సోమవారంలోగా ఏదో ఒకటి చెప్పాలి. వాళ్ల నాన్న, అంటే నా కొడుకు, మగ్గం మీదినుంచి తల తిప్పకుండానే, మీ తాత చదువుకున్నోడు, ఆయన ఏదంటే అదే అనేశాడు. నవ్వాలో ఏడవాలో తెలియలేదు. దారం బాబిన్లు చుట్టి వచ్చిన పాత పేపర్ల మీద గుజరాతీ కూడబలుక్కుని చదవడం నేర్చుకున్నవాణ్ణి నేను.

ఆమె ఫోన్లో కొత్తదాని ఫోటోలు చూపించింది. ఫౌంటెన్, తాటిచెట్ల వంటి విదేశీ చెట్లు, నీలం అద్దాల భవనం. పాతదాని ఫోటోలు లేవు. ఎవరు తీస్తారు?

"ఫోటోలు చూసి చెప్పనంటవు గద తాతా. పా మరి, పోయి చూద్దాం."

శుక్రవారం మేముండే ఉన్ పేట నుంచి బస్సులో సూరత్ స్టేషనుకు, అక్కడినుంచి రైల్లో కిమ్‌కు, ఆపైన ఆటోలో పోయాం. దిగేసరికే నా మోకాళ్లు మొరాయించాయి. ఎదురుగా రెండు లారీలు పక్కపక్కన పట్టేంత గేటు. నేను ఆగలేదు. నా కాళ్లు వాటంతట అవే గోడ పట్టుకుని పక్కకు తిరిగాయి. నలభై ఏళ్ల మిల్లు పనిలో ముందు గేటు మాది కాదు. అది సేఠ్‌ల కార్లకు, సరుకు కొనేవాళ్లకు. మా గేటు వెనకాల, బాయిలర్ పక్కన ఉంటుంది. ఎవరూ చెప్పకుండానే ఎండలో గోడంతా చుట్టి వెనక్కి పోయాను. ఆమె ఫోన్లో తలపెట్టి నా వెంట వచ్చింది.

వెనక గేటు కాపలావాడు, కాకా, ఏ కాంట్రాక్టరు మనిషివి, వంటకా తోటకా అని గుజరాతీలో అడిగాడు. లెక్కలకు అన్నాను. నవ్వాడు. పిల్ల మార్కుల కాగితం చూపిస్తే లోపలికి వదిలాడు.

మిల్లులో చివరి ఇరవై ఏళ్లు నాది చెకింగ్ పని. తాకా, అంటే మగ్గం మీదినుంచి దిగిన బట్ట చుట్ట, బల్ల మీద పరిచి ముందు తిరగేస్తాం. తెగిన పోగు, జారిన పేక దారం, వేసిన ముడి, అన్నీ వెనకవైపే బయటపడతాయి. ఆ చోటునూ అలాగే చూశాను. వంటశాల పక్కన మురుగుకాలువ అంచున, ఎండలో, తోటపని ఆడవాళ్లు అన్నం తింటున్నారు. పది అడుగుల్లో చెట్టునీడ ఖాళీగా ఉంది, గడ్డి తొక్కరాదని బోర్డు ఉంది. లైబ్రరీ వెనక రేకుల షెడ్డులో పుస్తకాలు సుతిలి తాడుతో కట్టిన కట్టలుగా, విప్పకుండా, మీద వేలు మందం దుమ్ముతో పడున్నాయి. ముందువైపు అద్దంలోంచి కనబడే అరలు మాత్రం నిండుగా ఉన్నాయి. మోకాళ్లు ఆగక గడ్డి అంచు సిమెంటు మీద కూర్చున్నాను. కాపలావాడు ఈల వేశాడు. లేచాను. ఈలకు లేవటం నాకు కొత్తేమీ కాదు, కానీ చదువుల చోట కూడానా అని ఒళ్లు మండింది.

ఫౌంటెన్ అందంగానే ఉంది, అబద్ధం ఎందుకు. గాలికి తుంపర మొహాన పడితే పిల్ల చిన్నప్పటిలా నవ్వింది. అంతలో ముందు గేటులోంచి వేరే తల్లిదండ్రులు వస్తుంటే, వాళ్లను కుర్చీల్లో కూర్చోబెట్టి మజ్జిగ ఇస్తున్నారు. ఆమె చూసింది. మొహం మాడిపోయింది.

తిరుగు రైల్లో కూర్చోగానే పిల్ల అడిగింది.

"నిన్ను ఎనక గేటుకు పొమ్మని ఎవలన్న అన్నరా తాతా?"

"అనలే."

"మరెందుకు పోయినవ్? వంటోళ్లమనుకున్నడు వాడు మనల్ని."

"ఎనక నుంచి చూస్తెనే బట్ట సంగతి తెలుస్తది బిడ్డా." షెడ్డులో చూసిన కట్టల సంగతి చెప్పాను.

"అది బట్ట కాదు తాతా. నాకు ముందటి గేటుల నుంచి పోవాల్నని ఉన్నది. గంతే."

ఇంటికి చేరేదాకా ఎవరి మీద కోపమో తెలియని కోపంతో కూర్చున్నాను.

శనివారం పాత కాలేజీకి పోయాం. ఈసారి ఆమె ముందు, నేను వెనక. గోడల మీద పాన్ మరకలు, పెచ్చులూడిన వరండా, నాలుగు వేపచెట్లు. అందం అనటానికి నాకే నోరు రాలేదు. లైబ్రరీలో ఒక ముసలాయన మమ్మల్ని ఏమీ అడగకుండా ఫ్యాను వేశాడు. నేను పేపరు తీసుకున్నాను. ఆమె అట్ట ఊడిన లెక్కల పుస్తకం ఒకటి తీసి, మొదట నిలబడి, తర్వాత కూర్చుని చదివింది. మూసే వేళదాకా మమ్మల్ని ఎవరూ లేపలేదు.

ఆదివారం అన్నం తింటూ అడిగింది.

"తాతా, ఆ షెడ్డుల కట్టలు నిజంగనే ఇప్పలేదా? ఒక్కటి గూడ?"

"నేను చూసినయాట్ల ఒక్కటి ఇప్పలే."

సోమవారం పాత కాలేజీకే పేరిచ్చింది. ఎందుకని నేను అడగలేదు. ఆమె ఫోన్ తెరిస్తే ఇప్పటికీ ఆ ఫౌంటెనే కనబడుతుంది.

మొదటిరోజు నన్నూ రమ్మంది. బస్సు కాలేజీకి వెనకవైపు ఆగుతుంది. అక్కడ క్యాంటీన్ పక్కన చిన్న సందు ఉంది, కూరగాయల బండ్లు పోయేది. నా కాళ్లు అటే పోయాయి. ఆమె నా చొక్కా చెయ్యి పట్టుకుని ఆపింది.

"ఇటు, తాతా."

ముందు గేటుకు చుట్టూ తిరిగి పోవాల్సి వచ్చింది. ఎండ, మోకాళ్ల నొప్పి. దారంతా గొణుగుతూనే ఉన్నాను గానీ, చెయ్యి మాత్రం విడిపించుకోలేదు.