మరియమ్మక్క మోటరు వైరు

ఏళ్ల తరబడి ఒక మాట గొంతులో పెట్టుకుని తిరుగుతున్నాను. మింగలేను, కక్కలేను. మీరెవరో నాకు తెలియదు కాబట్టి మీకు చెబుతున్నాను. తెలిసినవాళ్లకు చెప్పే ధైర్యం ఉంటే ఈ రాత ఎందుకు?

డిగ్రీ చదివే మా అమ్మాయి లైబ్రరీ నుంచి జపాన్ చరిత్ర కామిక్స్ తెచ్చింది. నాది ఎయిర్‌పోర్ట్ పార్కింగ్‌లో డ్యూటీ. ఖాళీ దొరికినప్పుడు అక్కడే తిరగేశాను. వాళ్ల పుస్తకాలు కుడివైపు నుంచి మొదలవుతాయని తెలియక చివరి పేజీలు ముందు చూశాను. ఊరంతా బూడిద. అంతకుముందు ఏం జరిగిందో తర్వాత చదివాను. జెండాలూపుతూ యుద్ధానికి జేజేలు కొట్టే ఒక గల్లీ. వంటపాత్రలు కరిగించి ఫిరంగులు చేస్తామంటే ఇవ్వనన్న ఒక ముసలామె. గల్లీ పెద్ద ఆమెను దేశద్రోహి అన్నాడు, రేషన్ బియ్యం ఆపించాడు. వీడూ ఒక మనిషేనా అని నాకు ఒళ్లు మండిపోయింది.

రెండో భాగంలో యుద్ధం అయిపోయింది, అక్కడా ఒక ఎయిర్‌పోర్ట్ వచ్చింది. భూమి ఇవ్వని రైతు రన్‌వేల మధ్య ఇంకా సాగు చేసుకుంటున్నాడు. ఆ పేజీ తిప్పలేకపోయాను. ఇంతసేపూ నేను తిట్టింది ఎవరిని?

మా ఊరి భూములు ఎయిర్‌పోర్టుకు అడిగినప్పుడు అందరం ఇచ్చాం. మరియమ్మక్క ఇవ్వనంది. మా చర్చి మనిషే. భర్త లేడు, బోరు కింద ఎకరం వరి. ఆమె వల్ల మనకు ఉద్యోగాలు రావని ఆమె వెనక ఊళ్లో రాజేసింది నేను. కిరాణా కొట్టులో ఉప్పు కూడా ఇవ్వకుండా చేయించింది నేను. ఎదురుపడితే మాత్రం అక్కా అని పలకరించేవాణ్ణి. ఒక ఆదివారం ఆమె ప్రార్థనలో మోకరించి ఉండగా, కడుపునొప్పని లేచి వెళ్లి, ఆమె మోటరు వైరు కోసి ఇంటికి తెచ్చేశాను.

మళ్లీ వైరు వేయించుకునే తాహతు ఆమెకు లేదు. వరి ఎండింది. సలహాకు నా దగ్గరికే వచ్చింది.

"తమ్మీ, వైరు ఎవరో కోసుకపోయిండ్రు. ఇగ ఏం జెయ్యాల్నో సమజైతలేదు."

"ఊరంతా ఇచ్చింది గదక్కా. నువ్వొక్కదానివి ఏం జేస్తవ్? సంతకం పెట్టు."

"నువ్వు చెప్తున్నవంటే పెడ్త."

పెట్టింది. నాకు ఉద్యోగం వచ్చింది. ఆమె షాద్‌నగర్‌లో కిరాయి గదిలో ఉంటోంది. క్రిస్మస్‌కు మా ఇంటికి వచ్చి, ఆ రోజుల్లో తనతో మాట్లాడింది నేనొక్కణ్ణేనని అందరికీ చెప్పి నా తల నిమురుతుంది. ఆ చెయ్యి పడినప్పుడల్లా గట్టిగా అరవాలనిపిస్తుంది. ఎందుకంత నమ్మావని ఆమె మీదే కోపమొస్తుంది, సిగ్గులేని కోపం. చిన్న వయసు, ఇంట్లో లేమి, ఉద్యోగం ఆశ అని నాకు నేను ఎన్ని చెప్పుకోలేదు? ఆ గల్లీ పెద్ద కూడా ఇంట్లో ఇలాంటివే చెప్పుకుని ఉంటాడు, దొంగవెధవ.

వైరు కోసింది నేనే. దాన్ని పారేయలేదు. మా డాబా మీద బట్టలారేసుకునేది దాని మీదే. పోయిన క్రిస్మస్‌కు ఆమె తన తడి తువ్వాలు కూడా దాని మీదే ఆరేసింది. క్షమించమని మిమ్మల్ని అడగను, క్షమించాల్సింది మీరు కాదు. ఇది రాశాక గుండె కాస్త తేలికపడింది. ఆ తేలిక చూసుకుంటే మళ్లీ నా మీద నాకే ఒళ్లు మండుతోంది. ఆమెకింకా తెలియదు.