దుబాయ్ అన్న మాట, నేనన్న మాట

ఏళ్ళ తరబడి గుండె మీద బండలా మోస్తున్నాను దీన్ని. ఇవాళ మీకు చెప్పేస్తాను. మధ్యలో ఆపకండి, ఆపితే మళ్ళీ నోరు పెగలదు.

ఆ ఏడు మా వైపు అసెంబ్లీ ఎన్నిక. పాత ఎమ్మెల్యే ఇక నిలబడనన్నాడు. ఆ సీటుకు పసుపు రైతుల కోసం తిరిగే మల్లన్న ఒకవైపు, మా బావ ఎవరి జెండా మోస్తున్నాడో ఆ మనిషి మరోవైపు. నేను ఇక్కడే, ఖతర్‌లో, మెసైమీర్ దగ్గరి కూలీల క్యాంప్‌లో ఉన్నాను.

అప్పుడే నా గదిలో ఉండే రాజేశం డ్యూటీలో పడి చనిపోయాడు. శవాన్ని ఇంటికి రప్పించమని వాళ్ళమ్మ మల్లన్న కాళ్ళు పట్టుకుంది. ప్రచారం వదిలి ఆయన కాగితాలు రాయించాడు. ఎక్కడికి? దుబాయ్‌కి! ఆమె దుబాయ్ అనే చెప్పింది మరి. మా ఊళ్ళో సముద్రం దాటితే అంతా దుబాయే. అలాంటి మనిషి ఇక్కడ లేడని అక్కడి మన కాన్సులేట్ వాళ్ళు తిప్పి పంపారు. రెండు వారాలు వృథా అయ్యాయి.

మల్లన్నే నాకు ఫోన్ చేశాడు.

"తమ్మీ, తప్పు నాదే. అమ్మ దుబాయ్ అన్నది, నేను గట్లనే రాపిచ్చిన. కంపెనీ పేరు చెప్పు, ఇయ్యాల్నే మళ్ళ రాపిస్త."

"చెప్తనే అన్నా. నువ్వే దిక్కు."

పేరు చెప్పాను. ఆ సాయంత్రమే, మల్లన్న మీద ఏదైనా చెప్పమని బావ అడిగితే ఊరి వాట్సాప్ గ్రూపులో వాయిస్ పెట్టాను: రాజేశం శవం గురించి నేనడిగితే, ఓట్లైనంక చూద్దామని మల్లన్న అన్నాడని. పచ్చి అబద్ధం. ఎందుకు చెప్పాను? దోస్తు పోయిన బాధలో నోరు జారిందని కొన్నేళ్ళు నాకు నేనే సర్దిచెప్పుకున్నాను. థూ! బాధా కాదు, బూడిదా కాదు. బావ దగ్గర మొనగాణ్ణి అనిపించుకోవాలని, అంతే.

వాయిస్ ఊరూరా తిరిగింది. మల్లన్న ఓడిపోయాడు. ఆయన రాయించిన కాగితాలతోనే శవం ఇంటికి చేరింది. పాడె పట్టబోతే రాజేశం తల్లి ఆయన చెయ్యి తోసేసిందట. నా మాట నమ్మింది కదా, కొడుకు పక్కన పడుకున్నవాడి మాట.

ఇవాళ శుక్రవారం, సెలవు. నా పేరు, మా నాయన పేరు చెప్పి, మల్లన్న ఆ మాట అనలేదని, నేనే కల్పించానని మళ్ళీ వాయిస్ పెట్టాను. మొదట ఆ తల్లికి, తర్వాత మల్లన్నకు, ఆ తర్వాత గ్రూపుకు. బావ ఒకటే ఫోన్ చేస్తున్నాడు. చేయనీ.

క్షమించమని అడగలేదు. ఏ మొహంతో అడగను? ఆ తల్లి విన్నట్టు ఫోన్‌లో నీలం టిక్కులు పడ్డాయి. మల్లన్న కూడా విన్నాడు. చాలా రోజుల తర్వాత ఈ మధ్యాహ్నం నాకు అన్నం సహించింది.