తిట్టి తొడిగిన గాజులు

మా అమ్మ మాట తియ్యన కాబట్టే గాజుల కొట్టు అన్నేళ్ళు నడిచిందని మా తమ్ముడు చెప్తాడు. ఖమ్మంలో వాడికి మోటారు పంపుల షాపు ఉంది. కొత్తగా చేరిన సేల్స్‌మెన్‌కు టీ తాగించి మరీ ఈ కథ వినిపిస్తాడు. "మా అమ్మ ఒక్కనాడు గిరాకీ మీద గొంతు లేపలేదు. నవ్వుకుంటనే అమ్మేది" అంటాడు. వాళ్ళు తలలూపుతారు. జీతమిచ్చేవాడు చెప్తుంటే ఊపక ఏం చేస్తారు? చుట్టాలు కూడా ఇదే మాట పట్టుకున్నారు. పెళ్ళిళ్ళలో ఎవరో ఒకరు నా మొహంలోకి చూసి, "తల్లి నోరు నీకు రాలేదమ్మా" అని జాలిపడతారు.

నాకు వచ్చిందే ఆ నోరు! కొట్టులో అమ్మ పక్కన పీట వేసుకుని కూర్చున్నది నేను. తమ్ముడు అటువైపు వచ్చేది ఆకలైనప్పుడే. అన్నం పెట్టేటప్పుడు ఏ తల్లి మాటైనా తియ్యగానే ఉంటుంది. వాడు విన్నది అదొక్కటే.

మా ఊరు ఖమ్మం నుంచి భద్రాచలం పోయే దారిలో, అడవి మొదలయ్యే చోట. సోమవారం అంగడి. అడవి పల్లెల నుంచి ఆడవాళ్ళు చింతపండు, చీపుర్లు, ఎండిన ఇప్పపూలు తలమీద పెట్టుకుని నడిచి వచ్చేవాళ్ళు. తెచ్చిన సరుకు అమ్ముడుపోయాక మా కొట్టు ముందు రేకుల నీడలో కూర్చునేవాళ్ళు. కొన్నా కొనకపోయినా అమ్మ కుండలో నీళ్ళు ముంచి ఇచ్చేది. కొందరికి తెలుగు బాగా వచ్చు, కొందరికి కోయ భాష తప్ప రాదు. పిల్లలెట్లున్నారు, ఒళ్ళెట్లుంది అని అడిగేంత కోయ మాట అమ్మ నేర్చుకుంది. తిట్టడం మాత్రం తెలుగులోనే.

మట్టిగాజు సరైన సైజుది అయితే వేళ్ళ మొదళ్ళ దగ్గర ఆగుతుంది. అక్కడ దాటించడమే పని. అమ్మ ఆ మనిషి చేతిని తన మోకాలి మీద పెట్టుకుని, సబ్బునీళ్ళు రాసి, బొటనవేలి మొదలును మెల్లగా నలిపి లోపలికి మడిచేది. గాజు ఎముక మీదికి రాగానే తిట్టు అందుకునేది.

"ఏందే, పోయిన అంగడికి రాకపోతివి? నీ మొగుడు ఇంట్ల పెట్టి తాళమేసిండా?"

"నా మొగుడా? నాకా? తాళం చెవి ఎవరి దగ్గరుంటదో వచ్చి చూడు..."

ఆమె నవ్వేలోపల గాజు మణికట్టు మీద ఉండేది. నొప్పి తెలిసేది కాదు. అంటే, తెలిసేదే, కానీ జవాబు చెప్పే తొందరలో ఎవరూ పట్టించుకునేవాళ్ళు కాదు. ఎవరికి ఏ తిట్టు పనిచేస్తుందో అమ్మకు తెలుసు. చెయ్యి తీరును బట్టి గాజు, మనిషి తీరును బట్టి తిట్టు. వేసేటప్పుడు చిట్లితే ఆ గాజు అమ్మదే నష్టం. అన్నీ వేశాక చేతికొకటి కొసరు. వేయించుకున్నవాళ్ళు గాజులు కళ్ళకద్దుకుని లేచేవాళ్ళు.

ఇంకో సంగతి. రంగు ఏది కావాలని అమ్మ ముందు అడగదు. "ఈ నెల ఏం పనికి పోతున్నవ్?" అని అడుగుతుంది. ఒకసారి ఒకామె మెరుపు అద్దిన గాజులు చూసి మనసు పడింది. మిరప కోతకు పోతున్నానంది. అమ్మ ఆ పెట్టె మూత వేసేసింది.

"ఇయ్యి గరుకు, తోలు గీసుకపోతది. ఆ చేతులతోని కారం ముట్టుకుంటవా? పో, కోతలైనంక రా."

ఆమె మూతి ముడుచుకుని పోయింది. నాకు ఒళ్ళు మండింది. "వచ్చిన గిరాకీని ఎల్లగొడతవేందమ్మా?"

"పోనియ్యే. చెయ్యి యాడికి పోతది, దాని దగ్గర్నే ఉంటది గదా" అంది. కోతలయ్యాక ఆమె వచ్చింది, ఇద్దరు మరదళ్ళను వెంటబెట్టుకుని. ఇప్పుడు చెప్పండి, ఇది తియ్యటి నోరా?

అమ్మ మనసుకు అందరికంటే దగ్గరైన మనిషి ఒకామె ఉండేది. వాగు అవతలి పల్లె నుంచి వచ్చేది కాబట్టి మేము వాగవతలామె అనేవాళ్ళం. అమ్మకంటే నాలుగేళ్ళు పెద్దదేమో. మనిషి పొడుగు, చెయ్యి మాత్రం చిన్నపిల్లది. రెండుంబావు సైజు. గాజు ఎముక దగ్గరికి వస్తోందంటే కళ్ళు గట్టిగా మూసుకుని మొహం రోడ్డు వైపు తిప్పుకునేది, సూదిమందుకు భయపడేవాళ్ళలాగా.

"ఇవి బొక్కలా, వాగుల రాళ్ళా? ఒంచు అక్కా, చెయ్యి!"

"నీ నోరు పడిపోను. మెల్లగ."

"నా నోరు పడిపోతే నీకు గాజులెవరు ఏస్తరు?"

ఇద్దరూ ఏళ్ళ తరబడి ఇవే మాటలు అనుకున్నారు, ప్రతిసారీ కొత్తగా నవ్వారు. ఆమె కొనని అంగడి రోజున కూడా వచ్చి, చెయ్యి చాపి అమ్మ ఒళ్ళో పెట్టి, కాసేపు కూర్చుని పోయేది. అమ్మ ఆ చేతిని ఊరికే అట్లా నిమురుతూ వేరేవాళ్ళతో మాట్లాడుతుండేది.

నేను ఖమ్మంలో డిగ్రీ రెండో ఏడు పరీక్షలు రాసి వచ్చిన ఎండాకాలం, అమ్మకు చలిజ్వరం వచ్చింది. సోమవారం నాడు కొట్టులో నేనొక్కదాన్నే కూర్చున్నాను. కాలేజీ చదువు నెత్తికెక్కిన రోజులు. మర్యాదగా మాట్లాడి అమ్మితే ఎట్లుంటుందో అమ్మకు చూపిద్దామనుకున్నాను. వచ్చినవాళ్ళనందరినీ మీరు అన్నాను. ఏ రంగు కావాలి, ఏ రకం కావాలి అని అడిగాను. వాళ్ళు బిత్తరపోయి చూశారు.

పొద్దెక్కాక వాగవతలామె వచ్చింది. "అమ్మేది?" అంది.

"జ్వరం. నేనేస్తాను, కూర్చోండి."

చెయ్యి ఇచ్చింది. ఆకుపచ్చ గాజు రెండుంబావుది తీశాను. ఎముక దగ్గర ఆగింది. ఆమె కళ్ళు మూసుకుంది. నేను ఇంకాస్త నొక్కాను. ఆమె పెదవి కొరుక్కోవడం కనిపించింది. వెనక నలుగురు ఆగి ఉన్నారు. తిట్టాలని నాకు తోచలేదు. అంత పెద్దామెను నేనేమని తిడతాను? "నొప్పిగా ఉందాండీ, పెద్దవి వేస్తాను" అని రెండున్నరవి తీశాను. చేతికి ఆరు చొప్పున జారుతూ ఎక్కిపోయాయి, చిన్న చప్పుడు తప్ప ఏమీ లేకుండా.

ఆమె కళ్ళు తెరిచి చేతులకేసి చూసుకుంది. తర్వాత నాకేసి చూసింది. గాజులు కళ్ళకద్దుకుని లేచింది. కొసరు ఇవ్వడం కూడా నేను మరిచిపోయాను.

సాయంత్రం మంచం పక్కన కూర్చుని లెక్కగా చెప్పాను, ఎంతమందికి వేశానో, ఒక్కటి కూడా చిట్లలేదని గొప్పగా.

"వాగవతలామె వచ్చిందా? ఏ సైజు ఏసినవ్?"

"రెండున్నర."

అమ్మ దుప్పటి తోసి లేచి కూర్చుంది. "దానిది రెండుంబావు గదే! తునికాకుకు పోతదిప్పుడు. ఏం పనికి పోతున్నవని అడిగినవా?"

"నొప్పి అంటుందని..."

"నొప్పి అంటదనా, నీకు తిట్టొస్తలేదనా?"

అప్పుడు అర్థమైంది నాకు. ఎండాకాలం ఆ పల్లెలన్నీ తెల్లారకముందే బీడీలు చుట్టే తునికాకు కోతకు అడవిలోకి పోతాయి. పొదల్లో చెయ్యి పెట్టి ఆకు తుంచాలి. సరిపోయిన గాజు మణికట్టు మీద ఉన్నచోటే ఉంటుంది. వదులుది అరచేతి దాకా జారి కొమ్మకు తగులుకుంటుంది. గాజు పగులుతుంది, చెయ్యి తెగుతుంది.

మరుసటి సోమవారం ఇంకా నీరసంగానే అమ్మ కొట్టుకు వచ్చింది. ఆకుపచ్చవి, రెండుంబావువి, పద్నాలుగు గాజులు కాగితంలో చుట్టి ఒళ్ళో పెట్టుకుంది. పన్నెండు, రెండు కొసరు. పొద్దు వాలిందాకా వాగు వైపు దారి చూసింది. ఆమె రాలేదు. ఆ పై వారమూ రాలేదు.

మూడో వారం ఆ పల్లెదే ఇంకొకామె వచ్చి, మోదుగాకులో చుట్టిన చిన్న పొట్లం అమ్మ చేతిలో పెట్టింది. విప్పితే నేను వేసిన పన్నెండు గాజుల్లో ఏడు. ఒక్కదానికీ పగులు లేదు.

"పెద్దగున్నయంట. ఇంకొకరికి పనికొస్తయని ఇయ్యమన్నది."

"చేతికి ఏమన్న అయిందా?" అని అమ్మ అడిగింది.

"గుడ్డ కట్టుకున్నది. ఆకు కోస్తనే ఉన్నది."

అమ్మ తన కాగితప్పొట్లం ఆమెతో పంపింది. అది అందిందో లేదో, వేసిందెవరో తెలియదు. వాగవతలామె మళ్ళీ మా కొట్టు మెట్టెక్కలేదు. అమ్మ నన్ను ఒక్క మాట కూడా అనలేదు. నన్ను తిట్టకుండా ఉండటం అమ్మకు చేతనవుతుందని అప్పుడే తెలిసింది. ఆ మౌనం కంటే ఎముక మీద గాజు నయం.

కొన్నేళ్ళకు బస్టాండు దగ్గర ఫ్యాన్సీ దుకాణాలు వచ్చాయి. అట్టకు గుచ్చిన గాజులు, ఎవరి చేతికి వాళ్ళే వేసుకునేవి. అమ్మ కొట్టు మూసేసింది. చివరిదాకా ఆ ఏడు గాజులు బీరువాలో మోదుగాకుతో సహా ఉన్నాయి. ఆకు పొడిపొడి అయింది.

నాకు టెలిఫోన్ ఆఫీసులో ఉద్యోగం వచ్చింది. ఫిర్యాదుల కౌంటర్ మీద చాలా ఏళ్ళు కూర్చున్నాను. బల్ల చరిచి అరిచేవాళ్ళు వచ్చేవాళ్ళు, నేనూ అరిచేదాన్ని. వాళ్ళు మళ్ళీ వచ్చేవాళ్ళు, నా పక్క కౌంటర్ ఖాళీగా ఉన్నా నా దగ్గరికే. నేను భయపడింది, "పర్లేదు మేడమ్" అని కాగితం మడిచి జేబులో పెట్టుకుని పోయేవాళ్ళకు. అట్లాంటివాళ్ళను వెనక్కి పిలిచి, "ఆగవయ్యా, ఏందో చెప్పిపో!" అని గదమాయించేదాన్ని. తోటివాళ్ళు నాది నోటిదురుసు అనుకున్నారు. అనుకోనీ.

అమ్మ పోయాక నా చేతికి గాజులు సరిగ్గా వేసినవాళ్ళు లేరు. షాపులో అమ్మాయిలు "మీ సైజు ఎంత మేడమ్?" అని అడుగుతారు. నాకు తెలియదు. అమ్మ ఉన్నన్నాళ్ళూ తెలుసుకోవాల్సిన అవసరం రాలేదు.

తమ్ముడు తన కథ చెప్పుకోనీ. నాకు తేలాల్సింది ఇంకొకటుంది. ఆ రోజు కళ్ళు తెరవగానే ఆమె చేతులకేసి చూసుకుంది, నాకేసి చూసింది. ముప్ఫై ఏళ్ళుగా మట్టిగాజులు వేసుకున్న మనిషి. అవి వదులని ఆమెకు ఆ క్షణమే తెలుసు. నోరు లేనిది కాదు, మా అమ్మను నీ నోరు పడిపోను అన్న మనిషి. మరి నన్నెందుకు ఒక్క మాట అనలేదు?